మతిమరుపు మనిషికి వీధిలో చోటు

(జిల్లా మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వృద్ధ స్త్రీల సమస్యల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. పెన్షన్లు, ఆస్తి, కొడుకుల నిర్లక్ష్యం గురించి మనం చాలాసార్లు చర్చించుకున్నాం. వాటిని పక్కన పెట్టి మరో సంగతి చెప్తాను. ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఇంట్లో జరిగే హింస గురించి ఊరూరా తిరిగి మాట్లాడిన నేనే, మా అత్తగారిని దాదాపు ఏడాదిపాటు గదిలో ఉంచి బయట గొళ్ళెం పెట్టాను.

ఆవిడకు డిమెన్షియా. మొదట్లో మాకు తెలియలేదు. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసేది. పాలవాడికి డబ్బులిచ్చి, ఇవ్వలేదనుకుని మళ్ళీ ఇచ్చేది. చాదస్తం అనుకున్నాం. తర్వాత పొద్దుగూకేసరికి "మా ఇంటికి పోతాను" అని బయల్దేరడం మొదలైంది. ఆవిడ అడిగే ఇల్లు అరవై ఏళ్ళ కిందట వదిలొచ్చిన పుట్టిల్లు. ఒకసారి బస్టాండులో దొరికింది, ఇంకోసారి కాలవ గట్టున. ఆ రాత్రి నుంచీ గొళ్ళెం. ఆవిడ లోపల్నుంచి తలుపు కొడుతుంటే నేను వరండాలో కూర్చుని మన సంఘం కరపత్రం రాసిన రోజు కూడా ఉంది.

గొళ్ళెం పెట్టిన చెయ్యి నాదే. మా ఆయన ఉద్యోగానికి వెళ్ళేవారు, మా ఆడపడుచు ఫోన్లో సలహాలు చెప్పేది. ఆవిడ గదిలో బందీ అయితే నేను ఇంట్లో బందీని. ఆ ఏడాది ఒక్క సమావేశానికీ రాలేదు. ఎందుకు రావడం లేదని మీలో ఎవరూ అడగలేదు, కరపత్రాలు మాత్రం రాయించుకున్నారు. నిష్ఠూరానికి అనడం లేదు, మీ స్థానంలో ఉంటే నేనూ అడిగేదాన్ని కాదేమో.

ఒకరోజు గొళ్ళెం పెట్టడం మర్చిపోయాను. గంట తర్వాత వీధి చివర ఇస్త్రీ బండి అతను ఆవిడను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "ముందే ఒక మాట చెప్తే మేం కనిపెట్టుకుని ఉండేవాళ్ళం కదమ్మా" అన్నాడు. నిజమే. పిచ్చి అంటారని, ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్ల ఉందని మేం ఎవరికీ చెప్పలేదు. మర్నాడు అతనికి, కిరాణా కొట్టావిడకి, ఆటో స్టాండు కుర్రాళ్ళకి, గుడి ముందు పూలమ్మే ఆమెకి విడివిడిగా చెప్పాను. చెప్పింది కొంచెమే. ఎదురుగా వెళ్ళి నెమ్మదిగా పలకరించండి, వెనకనుంచి పట్టుకోకండి. మీ అమ్మానాన్నా ఎప్పుడో పోయారని సరిదిద్దకండి, ఆ కబురు ఆవిడకి ప్రతిసారీ కొత్తదే. టీ తాగి వెళ్దురుగాని అనండి, నాకు ఫోన్ చెయ్యండి. ఆవిడ చీర కొంగుకి నా నంబరు కుట్టాను. ఆ తర్వాత రెండేళ్ళు, మంచం పట్టేదాకా, ఆవిడ సాయంత్రాలు వీధిలో తిరిగింది. పూలమ్మే ఆమె పక్కన కూర్చుని మాలలు కట్టేది. మా పేర్లు మర్చిపోయింది గానీ వేళ్ళు ముడి మర్చిపోలేదు. రాత్రిపూట గొళ్ళెం మాత్రం తియ్యలేకపోయాను.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. 2023లో వెలువడిన జాతీయస్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో 7.4 శాతానికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. ఇలాంటివాళ్ళకు ఇళ్ళల్లో జరిగే చాకిరీ గంటల్లో 70 శాతం ఆడవాళ్ళవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఆ చాకిరీ చేసినందుకు కోర్టుకెక్కిన స్త్రీ కూడా ఉంది. 2007లో జపాన్‌లోని ఓబు పట్టణంలో డిమెన్షియా ఉన్న 91 ఏళ్ళ వృద్ధుడు ఇంట్లోంచి బయటికి వెళ్ళి రైలు కింద పడి చనిపోయాడు. కనిపెట్టుకుని ఉండాల్సిన భార్యకి 85 ఏళ్ళు, ఆమెకు కాసేపు కునుకు పట్టింది. రైళ్ళు ఆలస్యమైనందుకు రైల్వే సంస్థ కుటుంబం మీద దావా వేసింది. 2013లో కింది కోర్టు భార్యనూ పెద్దకొడుకునూ సుమారు 72 లక్షల యెన్లు కట్టమంది. 2014లో పైకోర్టు కొడుకుని వదిలేసి భార్యను మాత్రం అందులో సగం కట్టమంది! చివరికి 2016లో సుప్రీంకోర్టు ఆమె బాధ్యురాలు కాదని తేల్చింది. కునుకు నేరమైతే ప్రతి ఇంటికీ గొళ్ళెం తప్పదు. ఆ దేశంలోనే ఒముతా అనే పట్టణంలో 2004 నుంచి జనం ఒక కసరత్తు చేస్తున్నారు. ఒకరు దారి తప్పినట్టు వీధుల్లో నడుస్తారు, మిగతావాళ్ళు ఎలా పలకరించాలో నేర్చుకుంటారు. దీనికి పెద్ద నిధులేం అక్కర్లేదు, మన వీధుల్లోనూ చెయ్యొచ్చు.

చట్టం సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో డిమెన్షియా పేరు లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాత్రం, వివేచన బాగా దెబ్బతినేంతగా జ్ఞాపకశక్తి పాడైన స్థితిని కూడా తన పరిధిలోకి తెచ్చింది. దాని 19వ సెక్షన్ అలాంటి మనిషికి సమాజంలో భాగంగా, వేరుపెట్టకుండా బతికే హక్కు ఇచ్చింది. తెలివి బాగున్నప్పుడే తన వైద్యం ఎలా జరగాలో, తన తరఫున ఎవరు నిలబడాలో రాసిపెట్టుకోవచ్చు. మా అత్తగారి విషయంలో నాకిది తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

ఇక మన సంఘం సంగతి. మన పొదుపు గుంపుల్లో ఒకదాంట్లో పోయినేడాది ఒక పెద్దావిడ పేరు కొట్టేశారు. కట్టిన కిస్తీ కట్టలేదని, కట్టనిది కట్టానని ప్రతివారం గొడవ పడుతోందట. మొదట్నుంచీ ఆ గుంపులో ఉన్న మనిషి. ఆవిడ డబ్బు కొడుక్కి ఇచ్చి సంతకం తీసుకున్నారు, ఆవిడను అడగలేదు. డాక్టరుకి చూపిద్దామనీ ఎవరూ అనలేదు. థైరాయిడ్ తేడా వల్లా, బి12 విటమిన్ తగ్గడం వల్లా, దిగులు వల్లా కూడా మతిమరుపు వస్తుంది, అవి మందులతో నయం కావచ్చు. ఆవిడ ఇప్పటికీ మంగళవారం పాస్‌బుక్కు పట్టుకుని వస్తోంది, గుమ్మంలోంచే పంపేస్తున్నారు. వచ్చే మంగళవారం ఆవిడను లోపలికి పిలవాలని, పేరు తిరిగి రాయాలని, లెక్క చూసేటప్పుడు పక్కన ఒకరు కూర్చోవాలని నేను ప్రతిపాదిస్తున్నాను. చర్చలో మొదట దీన్నే తీసుకోవాలని అధ్యక్షురాలిని కోరుతున్నాను.