రక్తంలో కొవ్వు – ఇంటిల్లిపాది పరహేజ్

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన విషయం రక్తంలో కొవ్వు, దానికి ఆహార నియమం. మేము వైద్యులం కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాళ్ళం. డాక్టరుగారు మాత్ర రాసిస్తారు, ఏ పూట వేసుకోవాలో చెప్తారు. అన్నం సంగతి దగ్గరికి వచ్చేసరికి "నూనె తగ్గించండి, మటన్ తగ్గించండి" అని రెండు ముక్కల్లో ముగిస్తారు. బయట ఇంకా నలభైమంది కూర్చుని ఉంటారు గదా, వారిని అనుకుని లాభం లేదు. ఆ రెండు ముక్కలను మన బండి ఆత్మకూరు ఇళ్ళల్లో, మన పొయ్యి మీద ఎట్లా అమలు పెట్టాలన్నదే ఈ రోజు మేము చెప్పదలచుకున్నది.

ఇది పట్నం వాళ్ళ జబ్బు, కుర్చీలో కూర్చుని తినేవాళ్ళ జబ్బు అని మనలో చాలామందికి ఒక నమ్మకం ఉన్నది. మడిలో దిగేవాడికి, మూటలు మోసేవాడికి కొవ్వు ఎక్కడిది అంటారు. 2003-04లో గోదావరి జిల్లాల్లో 45 గ్రామాలు తీసుకుని, ఒక సంవత్సరంలో ఆ ఊళ్ళల్లో చనిపోయినవారి ఇండ్లకు వెళ్ళి, ఏ కారణంతో పోయారో విచారించినారు. నూటికి 32 మంది గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవారే. అన్నింటికంటే పెద్ద కారణం అదే. అవి కాలువ కింద వరి పండే ఊళ్ళు. మనదీ కె.సి. కాలువ కింద వరి పండే ఊరే. గుండెజబ్బుకు కొవ్వు ఒక్కటే కారణం కాదు. బీడీ ఉన్నది, బి.పి. ఉన్నది, షుగర్ ఉన్నది. బీడీ సంగతి వేరే ప్రసంగం చేయాలి, ఈ రోజుకు వదిలిపెడుతున్నాము.

కొలెస్టరాల్ విషం కాదు. అది లేకపోతే శరీరంలో ఒక్క కణానికి గోడ నిలవదు. మనకు కావలసినదాంట్లో ఎక్కువ భాగం మన కాలేయమే, అంటే మన ఉర్దూలో జిగర్, తయారు చేసుకుంటుంది. అది నీళ్ళల్లో కరగదు గనుక రక్తంలో ఊరికే పోలేదు, ఒక బండి ఎక్కాలి. బండి ఆత్మకూరు వాళ్ళకు బండి సంగతి మేము వేరే చెప్పాలా! ఎల్.డి.ఎల్. అనే బండి కొవ్వును ఒళ్ళంతా పంచుతూ పోతుంది. సరుకు ఎక్కువైతే దారిలో రక్తనాళాల గోడల్లో దించేసి పోతుంది. హెచ్.డి.ఎల్. అనే బండి మిగిలినదాన్ని ఏరుకుని వెనక్కి తెస్తుంది. ఎల్.డి.ఎల్. బండ్లను పట్టి లోపలికి లాక్కునే కొక్కేల వంటివి కణాల మీద, ముఖ్యంగా కాలేయం మీద ఉన్నాయని కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికా వైద్యులకు 1985లో నోబెల్ బహుమతి ఇచ్చినారు. చల్లారితే గడ్డకట్టే కొవ్వులు మనం ఎక్కువ తిన్నకొద్దీ కాలేయం మీద ఆ కొక్కేల పని మందగిస్తుంది, బండ్లు రక్తంలోనే తిరుగుతూ ఉండిపోతాయి. ఇదీ సూత్రం.

రిపోర్టు చేతికి వస్తే చూసుకోవలసిన అంకెలు ఇవి. మొత్తం కొలెస్టరాల్ 200 లోపు, ఎల్.డి.ఎల్. 100 లోపు, ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి. హెచ్.డి.ఎల్. మాత్రం మగవారికి 40కి, ఆడవారికి 50కి తగ్గకూడదు. స్టెంటు పడినవారికి ఎల్.డి.ఎల్. 70కి లోపలే ఉండాలంటారు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాం. మన ఇండ్లలో పరహేజ్ అంటే ఏమిటి? ఇంటి యజమానికి రిపోర్టు చెడుగా వస్తుంది. భాబీ ఒక చిన్న గిన్నె వేరే పెడుతుంది. అందులో చప్పిడి పప్పు, నూనె లేని కూర. పెద్ద దేగిసాలో మిగిలిన ఆరుగురికీ మామూలు సాలన్ ఉడుకుతూ ఉంటుంది. దస్తర్‌ఖాన్ పరిచినాక అందరి తట్టల్లో ఎర్రగా నూనె తేలుతూ ఉంటే, ఈయన తట్టలో మాత్రం జబ్బువాడి కూడు. నెల రోజులు తింటాడు, నలభై రోజులు తింటాడు. తరువాత ఏదో అఖీఖా వస్తుంది, ఎవరిదో వలీమా వస్తుంది, "ఒక్క రోజుకు ఏమవుతుంది భాయ్" అని నలుగురూ అంటారు. ఆ రోజుతో చిన్న గిన్నె అటక ఎక్కుతుంది. దీన్ని మేము ఆయన నాలుక దోషం అనము. ఒక మనిషిని ఇంట్లో వెలివేసినట్టు తినమంటే ఎన్నాళ్ళు తింటాడు?

ఇది మా ఊహ మాత్రమే కాదు. కెనడాలో జెంకిన్స్ అనే వైద్యుడు, ఆయన తోటివారు 2003లో ఒక పరీక్ష ఫలితం ప్రకటించినారు. కొలెస్టరాల్ ఎక్కువ ఉన్న 46 మందిని తీసుకున్నారు. వారిలో ఒక జట్టుకు సోయా, బాదం, జిగురు పీచు ఉన్న గింజలు, కూరగాయలు ఏర్చికూర్చి తిండి అంతా తామే అందించినారు. ఒక్క నెలలో ఎల్.డి.ఎల్. నూటికి 28 వరకు తగ్గింది, మాత్ర వేసుకున్న జట్టుకు 31 వరకు తగ్గింది. అంటే తిండి దాదాపు మందుకు సమానంగా నిలిచింది. అదే వైద్యులు మళ్ళీ 345 మందికి తిండి ఇవ్వకుండా సలహా మాత్రమే ఇచ్చి, మీ ఇంట్లో మీరు వండుకోండి అన్నారు. 2011లో ఆ ఫలితం వచ్చింది. ఆరు నెలలకు తగ్గినది నూటికి 13, 14. తిండి ఒకటే, సూత్రం ఒకటే. ఇంటి పొయ్యి దగ్గరికి వచ్చేసరికి ఫలం సగమైంది. కాబట్టి పరహేజ్ చేయవలసినది రోగి కాదు, పెద్ద దేగిసా. ఇంటిల్లిపాదీ ఒకటే వంట తినాలి. పిల్లలకూ అదే. వారికి దానివల్ల నష్టం ఏమీ లేదు.

మరి పెద్ద దేగిసాలో ఏమి మార్చాలి? మొదట నూనె లెక్క. పెద్దవారికి రోజుకు 20 నుంచి 30 గ్రాముల నూనె చాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సలహా. ఐదుగురు ఉన్న ఇంటికి ఇది నెలకు నాలుగు లీటరు ప్యాకెట్లు. నెయ్యి, డాల్డా, బజ్జీల నూనె అన్నీ కలిపే ఈ లెక్క. ఈ రాత్రి ఇంటికి పోయి నెలసరుకుల చీటీ తీసి చూడండి. మేము అడిగిన ఇండ్లలో ఎనిమిది ప్యాకెట్లకు తగ్గినవి తక్కువ. ఆపాలకు మా మనవి ఒక్కటే: నూనెను క్యాను నుంచి ఎత్తి పోయవద్దు, చెంచాతో కొలిచి పోయండి. నెలకు ఒక్కొక్క ప్యాకెట్టు చొప్పున తగ్గిస్తూ పోతే నాలుకకు తెలియదు. ఒక్కసారిగా సగం చేస్తే ఇంట్లో తగాదా వస్తుంది.

ఏ నూనె? "కొలెస్టరాల్ లేనిది" అని ప్యాకెట్టు మీద అచ్చు వేస్తారు. చెట్టు నుంచి వచ్చే ఏ నూనెలోనూ కొలెస్టరాల్ ఉన్నదని చెప్పుకోదగినంత ఉండదు, అందులో వారి గొప్ప ఏమీ లేదు. చూడవలసినది గడ్డకట్టే కొవ్వు ఎంత అన్నది. నేతిలో సగానికి మించి అదే. పామాయిల్‌లో దాదాపు సగం. కొబ్బరినూనెలో నూటికి తొంభై. మన బుడ్డల నూనెలో మాత్రం సుమారు ఐదో వంతే. మన నేలలో పండేదే మనకు మేలు చేస్తున్నది, వింతల కోసం పోనక్కరలేదు.

డాల్డా సంగతి కొంచెం గట్టిగా చెప్పాలి. నూనెను గట్టిపరిచేటప్పుడు ట్రాన్స్ కొవ్వు అనేది పుట్టుకొస్తుంది. అది చెడ్డ బండిని పెంచుతుంది, మంచి బండిని తగ్గిస్తుంది, రెండు పనులూ ఒకేసారి చేస్తుంది. నూనెల్లో, వనస్పతిలో అది నూటికి 2 మించరాదని మన దేశంలో 2022 జనవరి నుంచి నిబంధన అమలులోకి వచ్చింది. అయినా వనస్పతిలో గడ్డకట్టే కొవ్వు ఎక్కువే. బేకరీ పఫ్ పొరలు పొరలుగా విడిపోతున్నదంటే సాధారణంగా దాని చలవే. బజ్జీల బండి దగ్గర మరిగి మరిగి నల్లబడిన నూనె ఇంకో బాధ. నూనె ఎంతవరకు చెడిపోతే పారవేయాలో 2018 జులై నుంచి నిబంధన ఉన్నది. బాణలి దగ్గర నిలబడి కొలిచేది మాత్రం ఎవరు? మన కళ్ళే.

మాంసం మానమని మేము అనము. అన్నా మీరు వినరు. కానీ మాంసంలో తేడాలున్నాయి. గుడ్డు పచ్చసొనలో సుమారు 200 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ ఉంటుంది. వంద గ్రాముల కలేజీలో 300 దాటుతుంది. భేజాలో వెయ్యికి పైమాటే. రిపోర్టు చెడిన ఇంట్లో భేజా ఫ్రై ఇక మరిచిపోవలసినదే. గుడ్డు చాలామందికి రోజుకు ఒకటి ఇబ్బంది కాదు, గుండెజబ్బు గానీ షుగర్ గానీ ఉన్నవారు డాక్టరును అడిగి తినాలి. అన్నింటికంటే హెచ్చు కీడు ముక్క పక్కన తెల్లగా వేలాడే చర్బీ. కసాయిభాయికి ముందే చెప్పి తీసివేయించండి. పాయా, ఖుర్మా ముందురోజు రాత్రి వండి ఫ్రిజ్‌లో పెడితే పొద్దునకు పైన తెల్లటి పొర కడుతుంది. దాన్ని గరిటెతో ఎత్తి పారేసి వేడిచేసుకోండి. రుచి ఎక్కడికీ పోదు, మసాలా కిందనే ఉంటుంది. కోడిని తోలు తీసి వండుకోండి. చేప అన్నింటికంటే మేలు, వేపుడు కాకుండా పులుసు పెడితే.

దాల్చా అనే వంట మన పెద్దలు ఎంత తెలివిగా కట్టినారో చూడండి. శనగపప్పు, సొరకాయ, చింతపులుసు. అందులో మాంసం వాసనకే. ఇప్పుడు మనం దాన్ని తిరగవేసి బొక్కలు ఎక్కువ, పప్పు తక్కువ చేసినాం. పప్పుల్లో, అలసందల్లో, బెండకాయల్లో, జామపండులో, మన వైపు మటిక్కాయలనే గోరుచిక్కుళ్ళలో జిగురు వంటి పీచు ఉంటుంది. కాలేయం కొలెస్టరాల్‌తోనే పైత్యరసం తయారుచేసి పేగుల్లోకి వదులుతుంది. వాడుక అయినాక దాన్ని చాలామటుకు శరీరం మళ్ళీ పీల్చుకుంటుంది. ఈ పీచు అడ్డుపడి కొంత రసాన్ని బయటికి ఈడ్చుకుపోతుంది. అప్పుడు కాలేయం కొత్త రసం కోసం రక్తంలోని కొలెస్టరాల్‌ను లాక్కోక తప్పదు. మన హకీములు మలబద్ధకానికి ఇచ్చే ఇస్పగోల్ పొట్టు చేసే పని కూడా ఇదే. ఫారసీలో అస్ప్ అంటే గుర్రం. ఆ గింజ గుర్రం చెవి ఆకారంలో ఉంటుందని ఆ పేరు.

అన్నం గురించి రెండు మాటలు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చి ఆకలి తీర్చింది, దాన్ని తక్కువ చేయము. కానీ దానితోపాటు జొన్నరొట్టె, కొర్రన్నం మన ఇండ్ల నుంచి మెల్లగా జారుకున్నాయి. మూడు పూటలా తెల్లటి పాలిష్ అన్నం, పైన తీపి టీలు, దీనివల్ల ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి బండి తగ్గుతుంది. మన దేశంలో నాలుగు ప్రాంతాల్లో చేసి 2014లో ప్రకటించిన పెద్ద సర్వేలో మొత్తం కొలెస్టరాల్ ఎక్కువున్నవారు నూటికి 14 మందైతే, హెచ్.డి.ఎల్. తక్కువున్నవారు 72 మంది. మాంసం ముట్టనివారికి కూడా ఈ జబ్బు ఎందుకు వస్తున్నదో దీన్ని బట్టి అర్థమవుతుంది. జొన్నలు, కొర్రల వంటి చిరుధాన్యాలు తిన్నవారిపై జరిగిన 19 పరీక్షలను హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కలిపి చూసి, మొత్తం కొలెస్టరాల్ నూటికి 8 తగ్గిందని 2021లో చెప్పినారు. సూర్యనంది అనే కొర్ర రకం మన నంద్యాల పరిశోధనా కేంద్రం ఇచ్చినదే. విత్తనం మన ముంగిట్లో ఉన్నది, రాత్రిపూట ఒక్కటైనా జొన్నరొట్టె చేసుకోవడం కష్టమా?

రంజాన్ నెలలో పగలంతా ఉపవాసం ఉండి, ఇఫ్తార్‌కు సమోసా, పకోడీ, మిర్చిబజ్జీ. ఆ నెలలో ఇంటి నూనె ఖర్చు రెట్టింపు అవుతున్నది. ఖర్జూరం, పండ్లు, ఉడికించిన శనగలు మన దస్తర్‌ఖాన్ మీద మొదటి నుంచీ ఉన్నవే గదా. వేపుడు శుక్రవారానికి పెట్టుకోండి.

పరదాకు అటువైపు ఉన్నవారికి ఒక మాట. ఇంట్లో మగవారికి రక్తపరీక్ష చేయిస్తారు. అమ్మీకి, నానీకి ఎవరు చేయిస్తున్నారు? నెలసరి ఆగిన తరువాత ఆడవారికి ఎల్.డి.ఎల్. పెరుగుతుంది. మిగిలిన సాలన్ పారవేయడం ఇష్టంలేక గిన్నె అడుగున నూనెతో సహా ఊడ్చి తినేది వారే.

కొందరికి ఎంత పరహేజ్ చేసినా కొలెస్టరాల్ తగ్గదు. సన్నగా ఉంటారు, మాంసం ముట్టరు, అయినా రిపోర్టులో ఎల్.డి.ఎల్. 200 దాటి ఉంటుంది. అది పుట్టుకతో వచ్చినది, కొక్కేలే తక్కువ. తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి రెండు వైపులా ఆ లోపం వస్తే పసివయసులోనే గుండెజబ్బు రావచ్చు. బ్రౌన్, గోల్డ్‌స్టీన్ల పరిశోధన అటువంటి పిల్లల దగ్గరే మొదలైంది. దగ్గర చుట్టాల్లో సంబంధాలు కలుపుకునే మనలాంటివారు ఇది తెలుసుకుని ఉండాలి. ఇంట్లో ఎవరైనా నలభై, యాభై ఏళ్ళలోపు గుండెపోటుతో పోయి ఉంటే, మిగిలిన అన్నదమ్ములు, పిల్లలు పరీక్ష చేయించుకోవాలి. వారికి తిండితోపాటు మందు తప్పదు. అట్లాగే మాత్ర వాడుతున్నవారు మా ప్రసంగం విని దాన్ని ఆపవద్దు. మాత్ర తగ్గించేది, ఆపేది డాక్టరు.

చివరకు కార్యవర్గానికి ఒక మనవి. మన నిఖా విందుల్లో, సంఘం భోజనాల్లో వంటమాస్టరు చీటీ రాసేటప్పుడు డాల్డా డబ్బాలు ముందు రాస్తాడు, బియ్యం తరువాత. ఎంత నూనె తేలితే అంత మర్యాద అనే లెక్క పడిపోయింది. పేద తండ్రి కూడా కూతురు పెళ్ళికి అప్పు చేసి ఆ మర్యాద నిలుపుకోవలసి వస్తున్నది. వచ్చే సంవత్సరం సమావేశం భోజనానికి డాల్డా లేకుండా, బుడ్డల నూనె కొలిచి పోసి, బగారా అన్నం, పప్పు ఎక్కువ వేసిన దాల్చా పెడదామని మా ప్రతిపాదన. తినేవారికి తేడా తెలిస్తుందో లేదో అక్కడే తేలుతుంది. కార్యవర్గం ఒప్పుకుంటే వంటమాస్టరుతో మాట్లాడే బాధ్యత మేము తీసుకుంటాము.