మనవళ్ళ కండలు – మన పెన్షన్లు



పోయిన నెల పెన్షన్ పడగానే పదహారేళ్ళ మా మనవడు వచ్చి, "తాతా, కండలు రావాలంటే ప్రొటీన్ పౌడర్ తాగాలట" అని మూడు వేలు అడిగాడు. ముద్దుకొద్దీ ఇచ్చాను. తీరా తెచ్చిన డబ్బా చూస్తే తయారుచేసినవారి పేరు లేదు, ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారి 14 అంకెల లైసెన్సు నంబరూ లేదు. తప్పు వాడిది కాదు, అడగకుండా డబ్బిచ్చిన నాది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలలో కండల కోసం ఈ పొడులు వాడవద్దని చెప్పింది. అతిగా వాడితే ఎముకలకు, మూత్రపిండాలకు చేటని హెచ్చరించింది. ఆ వయసు మగపిల్లవాడికి రోజుకు సుమారు 55 గ్రాముల మాంసకృత్తులు చాలు. ఒక్క గుడ్డులోనే 6 గ్రాములుంటాయి. మిగతావి పప్పు, పాలు, పెరుగు, పల్లీలు, అన్నం, రొట్టెల్లో దొరుకుతాయి.

మన గోదావరిఖనిలో తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపి, షిఫ్టు దిగి వచ్చే ఫిల్లర్ల భుజాలు మనమంతా చూసినవే. అవి డబ్బా పొడితో వచ్చినవి కావు.

వ్యాయామం మాన్పించమని నేననడం లేదు. డాక్టరు పరీక్షించి రాసిస్తే అది వేరే సంగతి. మావాడు రెండు రోజులు అలిగాడు. ఇప్పుడు పొద్దున్నే గుడ్లు, పాలు నేనే తెస్తున్నాను, జిమ్‌కూ వెళుతున్నాడు.

ఇళ్ళలో అడిగిన వెంటనే డబ్బిచ్చేది తాతలమే. ఇచ్చేముందు ఒక్క మాట అడగండి.