సైనిక ఆసుపత్రిలో నర్సు 'ఎందుకు' అని అడగగలదా?

(మహిళా కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సైనిక ఆసుపత్రుల్లో నర్సింగ్ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త ఆశ్చర్యపోయారు. మన ఉద్యమాలకూ సైన్యానికీ ఉన్న దూరం అలాంటిది మరి. కానీ అక్కడ నర్సులుగా పనిచేస్తున్నది వేలాది మంది స్త్రీలు. వాళ్ల దగ్గరికి వైద్యానికి వచ్చేవాళ్లలో జవాన్లతోపాటు వాళ్ల భార్యలూ, తల్లులూ, పిల్లలూ ఉన్నారు.

1854 నవంబరులో ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. దీపం పట్టుకున్న ఆ బొమ్మ మనందరికీ తెలుసు. ఆమె వెళ్లాక కూడా చావులు పెరిగాయన్న సంగతి మాత్రం మనకెవరూ చెప్పలేదు. 1855 ఫిబ్రవరిలో నూటికి సుమారు 42 మంది చనిపోయారు. మార్చిలో పారిశుద్ధ్య కమిషన్ వచ్చి మురుగు కాలువలు బాగుచేయించింది, వార్డుల్లో గాలి ఆడేలా చేసింది. జూన్ నాటికి ఆ సంఖ్య రెండుకు దిగింది. తిండి చాలక, అలసటతో సైనికులు పోతున్నారని యుద్ధకాలమంతా నమ్మిన నైటింగేల్, ఇంగ్లండు తిరిగొచ్చాక విలియం ఫార్‌తో కూర్చుని లెక్కలు వేసి తన నమ్మకం తప్పని గ్రహించింది. 1858లో ఆ లెక్కల్ని బొమ్మలుగా గీసి అచ్చువేయించింది. సేవామూర్తిని నిలుపుకుని, లెక్కలు వేసిన స్త్రీని మరిచిపోయాం. ఆ మరుపు ఊరికే వచ్చిందనుకోను.

ఆధారాలను బట్టి నర్సింగ్ చేయడమంటే ఇదే. వాడుకలో ఉన్న పద్ధతి రోగికి మేలు చేస్తోందా అని పరీక్షించి చూడడం. ఆపరేషన్‌కు ముందు రేజరుతో వెంట్రుకలు గీయడం ఎన్నో ఏళ్ల ఆచారం. 1971లో అచ్చయిన ఒక పరిశీలనలో, అలా గీసినవారిలో 5.6 శాతం మందికి గాయం చీము పట్టింది. మందుతో తీసినవారిలోనూ, అసలు తీయనివారిలోనూ అది 0.6 శాతమే. కాన్పుకు వచ్చిన ప్రతి స్త్రీకీ ఎనిమా ఇవ్వడం, రేజరు పెట్టడం మానుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లోనే చెప్పింది. ఈ రెండూ ఎంత అవమానకరమో అనుభవించిన వాళ్లు ఈ గదిలో ఉన్నారు.

మరి తెలిసిన నర్సు ఎందుకు ఆపలేదు? మన దేశంలో 1888లో పదిమంది బ్రిటిష్ నర్సులతో మొదలైన సర్వీసు ఇది. 1976లో జి.ఎ. రామ్ మేజర్ జనరల్ అయ్యారు. హోదాలు వచ్చాయి, కాదనను. కానీ అదే సర్వీసులో 1988లో ఒక లెఫ్టినెంట్‌ను పెళ్లి చేసుకున్నందుకు ఇంటికి పంపేశారు. అందుకు వీలిచ్చిన 1977 నాటి నిబంధన 1995లో రద్దయింది. అది లింగవివక్షేనని సుప్రీంకోర్టు చెప్పి, 60 లక్షల పరిహారం ఇమ్మన్నది 2024 ఫిబ్రవరిలో. పెళ్లి చేసుకుంటేనే ఉద్యోగం పోయే చోట, వార్డు పద్ధతి తప్పని ఎవరు నోరెత్తుతారు?

అమెరికాలో 1992లో సైనిక నర్సుల పరిశోధనకని పార్లమెంటే వేరుగా డబ్బు కేటాయించింది. మొదటి ఏడాది పది లక్షల డాలర్లు. ఆ సైన్యం చేసిన యుద్ధాల మీద నా అభిప్రాయం మీకు తెలిసిందే. అయినా అక్కడ ప్రశ్న వేసేది నర్సు, జవాబు వెతకడానికి ఆమెకు డబ్బు ఉంది. మనం అడగవలసింది అదే. డ్యూటీ గంటల్లోనే చదువుకునే సమయం, ఇన్‌ఫెక్షన్ కమిటీలో మాట చెల్లుబాటు, మొదలుపెట్టిన పని పూర్తయ్యేదాకా బదిలీ లేకపోవడం.

బదిలీ మాట ఎందుకన్నానంటే, నాకు తెలిసిన ఒక విశ్రాంత నర్సింగ్ అధికారిణి సెలైన్ సూదుల గురించి రెండేళ్లు నోటుపుస్తకంలో రాసుకున్నారు. మూడు రోజులకోసారి సూది మార్చాలన్నది అప్పటి నియమం. వాపో నొప్పో కనబడినప్పుడు మారిస్తే చాలదా అన్నది ఆవిడ సందేహం. తర్వాత కోక్రేన్ సమీక్షలు తేల్చింది కూడా దాదాపు అదే. ఈలోగా ఆవిడకు బదిలీ అయింది. కొత్తచోట పై అధికారి, ఇది నర్సులు చూసే విషయం కాదన్నారు. ఆ పుస్తకం ఇంకా ఆవిడ ట్రంకు పెట్టెలోనే ఉంది.

ఇలాంటి రాతలు సేకరించే పని మొదలుపెట్టాను. మీ బంధువుల్లో, ఇరుగుపొరుగులో సైనిక ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరైన నర్సులుంటే, భోజన విరామంలో నాకు చెప్పండి.