18 మంది పిల్లలు, ఐదు క్లాసులు, ఒక్క టీచర్

డబ్లిన్‌లో ఇల్లు మారేటప్పుడు మనవాళ్ళు అద్దె తర్వాత అడిగేది స్కూల్ గురించే. "డెష్ స్కూల్" అని తెలిస్తే చాలామంది వెనక్కి తగ్గుతారు. మా పాపను చేర్చేటప్పుడు నాకూ చెప్పారు, "అన్నా, అది పేదవాళ్ళ స్కూల్, వద్దు" అని. అయినా చేర్చాం. అక్కడ చూసినదాన్ని బట్టి మన ఊరి బడి గురించి నా ఆలోచన మారింది. ఇవాళ అదే మాట్లాడతాను.

డెష్ అంటే ఐరిష్‌లో అవకాశం. 2005లో మొదలైన పథకం ఇది. పేదరికం ఎక్కువున్న చోట్ల బడులకు అదనంగా ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. బాగా వెనకబడిన పట్టణ బడుల్లో చిన్న క్లాసులకు 20 మందికి ఒక టీచర్, పై క్లాసులకు 24 మందికి ఒకరు అని అప్పుడు పెట్టుకున్నారు. తర్వాత ఇంకా తగ్గించారు. మామూలు బడులకు ఇచ్చే లెక్క 2023 నుంచి 23కి ఒకరు. అంటే కష్టం ఎక్కువున్న చోటే మనుషుల్ని ఎక్కువ పెడుతున్నారు. పైగా ఇంటికి వచ్చి తల్లిదండ్రులతో మాట్లాడటానికే ఒక టీచర్ ఉంటారు. ఆ ఏర్పాటు 1990 నుంచీ ఉంది.

మరి టీచర్లను అడిగేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. ఇన్‌స్పెక్టర్లు కొన్నిసార్లు చెప్పకుండానే వస్తారు. మొత్తం బడిని పరిశీలించిన రిపోర్టులను 2006 నుంచి అందరూ చదివేలా ప్రచురిస్తున్నారు. 2, 4, 6 తరగతుల్లో రీడింగ్, లెక్కల పరీక్షలు పెడతారు. మన పిల్లల మార్కులు మనకు చెప్తారు. కానీ బడులకు ర్యాంకులు కట్టి పేపర్లో వేయడానికి ఆ సమాచారం ఇవ్వరు. ఇవ్వకుండా ఉండే అధికారం 1998 విద్యా చట్టంలోనే ఉంది. ర్యాంకులే బయటికొస్తే పేద పిల్లలున్న బడి ప్రతి ఏడూ అడుగునే ఉంటుంది కదండీ.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మా అక్క కొడుకు ఐదో తరగతిలో ఉండగా వీడియో కాల్‌లో రెండో తరగతి పాఠం చదవమంటే చదవలేకపోయాడు. నాకు ఒళ్ళు మండింది. "జీతం తీసుకుని ఏం చేస్తున్నాడా సారు?" అని అక్క మీద అరిచాను. సెలవులకు వెళ్ళినప్పుడు నిలదీద్దామని బడికే పోయాను. చూస్తే 18 మంది పిల్లలు, ఐదు క్లాసులు, ఒక్కడే సారు. ఒకటో తరగతికి అ ఆలు దిద్దిస్తుంటే ఐదో తరగతి పిల్లలు గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. మధ్యాహ్న భోజనం లెక్కలు, ఫోటోలు, యాప్‌లు కూడా ఆయనవే. నిలదీయడానికి వెళ్ళినవాడిని నోరు మూసుకుని వచ్చేశాను.

కాగితం మీద చూడండి, ఆ బడిలో 18కి ఒక టీచర్. డబ్లిన్ కంటే మేలు! విద్యాహక్కు చట్టం లెక్కలో కూడా 60 మంది దాకా ఇద్దరే టీచర్లు. ఐదు క్లాసులకు ఇద్దరు. అందుకే ఎంతమందికి ఒక టీచర్ అని మాత్రమే అడిగితే మోసపోతాం. ఎన్ని క్లాసులకు ఒకరు అని కూడా అడగాలి.

అలాగని టీచర్లను ఏమీ అడగొద్దని నేననను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పెద్ద పరిశోధన చేశారు. కొన్ని బడులకు అదనంగా ఒక కాంట్రాక్ట్ టీచర్‌ను ఇచ్చారు. కొన్నింటిలో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చారు. రెండు రకాల బడుల్లోనూ పిల్లల చదువు మెరుగైంది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. బోనస్ ఉన్న బడుల్లో టీచర్ల హాజరు పెద్దగా మారలేదు. వచ్చిన రోజుల్లో అదనపు క్లాసులు తీసుకున్నారు, హోంవర్క్ ఇచ్చారు, ప్రాక్టీస్ చేయించారు. మనమేమో 2022లో ముఖం ఫోటోతో హాజరు వేసే యాప్ పెట్టాం. సారు వచ్చారో లేదో అది చెప్తుంది. పిల్లాడికి చదవడం వచ్చిందో లేదో చెప్పదు.

నా పని సైట్ మీద కాబట్టి నాకు తెలిసిన మాట చెప్తాను. స్లాబ్‌కి స్టీల్ సరిగ్గా కట్టారా అని కాంక్రీట్ పోయకముందే చూడాలి. పోశాక చూసి మేస్త్రీని తిడితే స్లాబ్ బాగుపడదు. పది మంది చేసే పనికి ఇద్దర్ని పెట్టి తిట్టడం ఇంకా అన్యాయం. పదో తరగతి రిజల్ట్ చూసి బడిని తిట్టడం పోశాక చూడటం లాంటిదే. చూడాల్సింది రెండో తరగతిలో, పిల్లాడు చదవగలుగుతున్నాడా అని.

ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు "సారు వస్తున్నాడా?" అని మాత్రమే అడక్కండి. ఆ సారు ఎన్ని క్లాసులు చూస్తున్నాడో కూడా అడగండి. ఆ తర్వాత పిల్లాడి చేతికి పుస్తకమిచ్చి ఒక పేజీ చదివించండి. చదవలేకపోతే సారు మీద అరిచే ముందు, ఇంకో టీచర్‌ను ఇవ్వమని మండల విద్యాధికారికి ఊరంతా కలిసి ఒక అర్జీ పెట్టండి. మా అక్కతో నేను చేయించింది అదే. ఇంకా జవాబు రాలేదు. మళ్ళీ పెడతాం.