మన వీధి చరిత్రము – మన పిల్లల చదువు



ప్రతివత్సరమును మన పద్మశాలి మహాసభలో భావనాఋషి చరిత్రమును వినుచున్నాము. అది వినదగినదే, సంస్కృతము చదివినవాడ నగుటచే నాకు దానియందు గౌరవము మెండు. కాని పురాణము మన వంశమును జెప్పును గాని మన వీధిని జెప్పదు.

చీరాల పేరు వినని నేతగాడు లేడు. అచ్చటి యుద్యమమును మన పిల్లలు రెండు వాక్యములలో చదివి మరచుచున్నారు. ప్రభుత్వము చీరాల పేరాలలను గలిపి పురపాలక సంఘము నేర్పరచి పన్నులు హెచ్చింపగా, దినకూలిపై బ్రదుకువారి కవి భరింపరానివయ్యెను. 1921లో గాంధీమహాత్ము డచ్చటికి వచ్చి, పన్ను చెల్లింపక శాంతముతో శిక్ష ననుభవించుట యొకటి, ఊరు విడిచిపోవుట యొకటి, రెండు మార్గములు సూచించెను. జనులు రెండవదానిని గైకొనిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలకొలది ప్రజలు ఊరివెలుపల రామనగర మను పేర పాకలు వైచుకొని, యెండవానల కోర్చి, సుమారు 11 నెలలు నిలిచిరి. ఆయన చెఱసాల పాలయ్యెను.

ఇంతవఱకు పుస్తకములలో గలదు. ఆ పాకలలో గుంటమగ్గ మెట్లు నడచెనో పుస్తకము చెప్పదు. అప్పటికి మా పితామహి యెనిమిదేండ్ల బాలిక. “తక్కినవారు తలుపునకు తాళము వేసి కదలిరి, మనము గుంటను మోసికొని పోలేముగదా నాయనా!” యని యామె చెప్పెడిది. క్రొత్తనేలలో మరల గుంట త్రవ్వవలెను. వాన కురిసిన నందు నీరు నిలుచును. గంజి పెట్టిన పడుగు తడిసెనా, యా వారపు కూలి పోయినట్లే. ఒకరాత్రి యామె తల్లి పడుగును చాపలో జుట్టి దానిపై తాను వంగి కూర్చుండెనట, బిడ్డలు తడిసిరట.

మా పితామహుని పద్దుల పుస్తక మొకటి మాయింట నుండెడిది. నూలు అప్పు, కూలి, పండుగ ఖర్చు, అన్నియు నందు గలవు. పాతయిల్లు పడగొట్టించునపుడు చిత్తుకాగితములతో గూడ దానిని నేనే తూకమునకు వేయించితిని. 35 ఏండ్లు పిల్లలకు పాఠము చెప్పిన నాకు ఆ పూట బుద్ధి పుట్టలేదు.

కావున నేను గోరునది స్వల్పము. నెలకొక సాయంకాలము మన సంఘభవనమున నొక వృద్ధుడో వృద్ధురాలో మాటాడవలెను. నావంటి ఉపన్యాసకులను దూరముగ నుంచుడు. ఉన్నతపాఠశాల పిల్లలు ప్రశ్నలడిగి వ్రాసికొనవలెను. చెప్పినవారి పేరు, వయస్సు, తేది వేయవలెను. కన్నది వేరుగను, విన్నది వేరుగను వ్రాయవలెను. ఆసు పోయుట, కండెలు చుట్టుట స్త్రీల చేతిపని. వారి నింతవఱ కడిగినవా రెవరు? ఇంటింట మిగిలిన ప్రామిసరీ నోట్లను, పద్దులను తెచ్చి, అణా బేడల లెక్కయు, వీసె మణుగుల తూకమును పిల్లలచే చదివింపవలెను. అది గణితమునకును పనికివచ్చును.

ఒక్క హెచ్చరిక. చీరాల యుద్యమము మన కులమువారిదే యని వ్రాయింపకుడు. అన్ని కులములవారును గలిసి కదలిరి, నాయకుడు బ్రాహ్మణుడు. పిల్లల పుస్తకములో నసత్యము చేరిన దక్కిన సత్యమును నమ్మువా రుండరు.

దీనికి ద్రవ్య మెచ్చట ననెదరేమో. విద్యార్థివేతనముల నిధిని ముట్టవలదు. సన్మానపు శాలువల పద్దునుండి కొంత తీయుడు. ఆ శాలువలలో మగ్గముపై నేసిన వెన్ని యని నే నిచ్చట నడుగను.

తొలి సాయంకాలమునకు మా పితామహి మాటలు వ్రాసికొన్న నోటుపుస్తకమును నేను దెచ్చెదను. అందు సగము పుటలు ఖాళీగనే యున్నవి.