ఏ ఖాతాలో కూర్చోబెట్టారు?



"మన ఆడపిల్లలూ, కంప్యూటరు కంపెనీలూ అన్న విషయం మీద పది నిమిషాలు మాట్లాడవోయ్" అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను మెట్రిక్ చదివిన రైల్వే గుమాస్తాను. కంప్యూటరుతో నా పరిచయమంతా టికెట్టు కిటికీ వెనుకనే. అయితే ఐరోలికి సీజన్ టికెట్ తీసుకునే మన గల్లీల పిల్లలను నెలనెలా చూస్తుంటాను గనుక ఒప్పుకున్నాను.

ఈ కంపెనీలు తమ ఉద్యోగులలో స్త్రీలెందరో ఏటేటా అచ్చువేస్తాయి. అది చూసి "ఇంక తేడాలేముంది?" అంటారు మనవాళ్ళు. నా మాట ఆ లెక్క గురించే.

ఫాక్‌లాండ్ రోడ్డు చాళ్ళలో పెరిగినవారికి మిల్లుల సంగతి చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో నాడెలో కొత్త కండె పెట్టినప్పుడల్లా దారం కొసను నోటితో పీల్చి లాగాలి. అంటరానివారని పేరుపెట్టినవారి నోరు తగిలిన నాడెను ముట్టమని తక్కిన నేతగాళ్ళు అడ్డుపడ్డారు. అందుచేత వారికి నూలు ఖాతాలోనే పని. కూలి ఎక్కువ దొరికే సాంచా ఖాతాలో చోటు లేదు. 1928 సమ్మెలో డాక్టర్ అంబేడ్కర్ ఈ సంగతి ఎత్తి, సాంచా ఖాతా వారికీ తెరవాలనే కోర్కెను చేర్చాలని పట్టుబట్టారు. మిల్లు గేటు దగ్గర తలలు లెక్కపెట్టినవాడికి అన్ని కులాలవారూ కనిపించేవారే. లోపలికి వెళ్ళి ఏ ఖాతాలో ఎవరున్నారో చూస్తేగాని అసలు సంగతి తెలియదు. ఆ సాంచాల దగ్గర మన పెద్దలూ పనిచేశారు. పండుగపూట ఈ మాటెందుకంటారేమో. ఉగాది పచ్చడిలో వేపపువ్వు మనమే వేసుకుంటాం గదా!

ఇక అమెరికా మాట. మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్టు కంపెనీకి అధిపతి అయ్యారు. మనమంతా గర్వపడ్డాం. ఆ ఏడు అక్టోబరులోనే, కంప్యూటరు రంగంలోని స్త్రీల మహాసభలో, జీతం పెంచమని అడగడానికి జంకే ఆడవాళ్ళకు ఏం చెబుతారని ఆయనను అడిగారు. అడగడం ముఖ్యం కాదు, పద్ధతిని నమ్ముకుంటే ఫలితం అదే వస్తుందనే ధోరణిలో కర్మ సిద్ధాంతం చెప్పారు. ప్రశ్న వేసిన మారియా క్లావే ఆ కంపెనీ డైరెక్టర్లలో ఒకరు. ఆమె వేదిక మీదనే కాదన్నారు. ఆయనా ఆ రోజే తన జవాబు పూర్తిగా తప్పని ఉద్యోగులకు వ్రాశారు. ఒప్పుకోవడం పెద్దమనసే. కాని "అడగనిదే అమ్మయినా పెట్టదు" అన్న సామెత పుట్టిన భాషవాడికి ఆ జవాబెలా తోచిందో!

మరుసటి ఏడు, 2015లో, ఆ కంపెనీలో స్త్రీలు నూటికి 29 నుంచి సుమారు 27కు దిగారు. టెలిఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలు ఎత్తివేయడం అందుకు ముఖ్యకారణం. అంటే వెనుకటి 29లో కొంత ఫ్యాక్టరీ బల్లల దగ్గరి లెక్క! మళ్ళీ మిల్లు గేటు సంగతే. 2023 నాటికి 31.2కు వచ్చారు. 2025లో మాత్రం వెనుకటి తీరున నివేదిక వెలువరించలేదు. లెక్క తక్కువైనా సరే, కాగితం మీద ఉంటే పోట్లాడవచ్చు.

మా అక్క కూతురు ఒక కంపెనీలో మూడేళ్ళుగా రాత్రిపూట ఫోన్ల దగ్గర కూర్చుంటున్నది. ప్రోగ్రాములు వ్రాసే పరీక్ష ప్యాసయింది. ఆ విభాగంలోకి మార్చమంటే "వచ్చే ఏడు చూద్దాం" అన్నారు, రెండుసార్లు. కంపెనీ గోడమీద నవ్వుతున్న ఆడపిల్లల బొమ్మల్లో దాని బొమ్మ కూడా ఉన్నదట. "గొడవెందుకమ్మా, ఉద్యోగం పోతుంది" అన్నవాణ్ణి నేనే. నేను కూడా కర్మ సిద్ధాంతమే చెప్పాను. ఈ ఉపన్యాసం వ్రాసుకుంటూ ఉంటే సిగ్గనిపించింది.

మొన్న రాత్రి ఇద్దరం కూర్చుని అర్జీ వ్రాశాం. నా ఇంగ్లీషులో అది ఏడు తప్పులు దిద్దింది. ఆ ఫోన్ల ఖాతాలో ఆడవాళ్ళెందరు, ప్రోగ్రాముల ఖాతాలో ఎందరు అనే ప్రశ్న కూడా అందులో చేర్చమన్నాను. "మామయ్యా, అది మరీ ఎక్కువేమో" అని కాసేపు ఆలోచించి, చేర్చింది. సోమవారం ఇస్తుంది. ఆ రోజు నాకు ఉదయం డ్యూటీ. సాయంత్రం నేరుగా అక్కయ్యగారింటికే వెళ్తాను.