వైద్యుని రహస్యము - సహధర్మచారిణి హక్కు



సెగ, సవాయి మొదలగు సుఖవ్యాధులతో వచ్చిన రోగికి మందిచ్చి పంపినంతనే వైద్యుని పని ముగియదు. ఇంట భార్యకును వ్యాధి సోకియున్నచో, నయమైన భర్తకు అది మరల సంక్రమించును. పైగా స్త్రీలలో సెగవ్యాధి పెక్కుమారులు ఏ లక్షణమును చూపక, లోలోపల గర్భాశయ నాళములను చెఱచి సంతానహీనతకు దారితీయును. కావున ఇరువురకును ఒక్కసారే చికిత్స జరుగవలెను. “మా యింట చెప్పవలదు” అని రోగి వేడుకొనినచో వైద్యుడేమి చేయవలెను?

రోగి రహస్యమును కాపాడుట వైద్యునికి విధి. అయినను దానికి హద్దు కలదు. నిర్దిష్టమైన యొక వ్యక్తికి తీవ్రాపాయము కలుగునపుడు రహస్యమును తెలుపవచ్చునని 2002 నాటి వైద్యనీతి నియమావళి చెప్పుచున్నది. 1998లో సుప్రీంకోర్టు ఇట్టి వ్యాజ్యమునే విచారించెను. హెచ్.ఐ.వి. సోకిన సంగతి వెల్లడియై వివాహము ఆగిపోయిన యొకడు వైద్యశాలపై నష్టపరిహారము కోరెను. వధువు ఆరోగ్యజీవన హక్కు అతని గోప్యతకంటె బలవత్తరమని న్యాయస్థానము నిర్ణయించెను.

2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న హెచ్.ఐ.వి. చట్టము మార్గమును మఱింత స్పష్టపఱచినది. భాగస్వామికి గట్టి అపాయమున్నదని వైద్యుడు సహేతుకముగా నమ్మవలెను. స్వయముగా చెప్పుమని రోగికి ముందు బోధింపవలెను. అతడు చెప్పడని తేలవలెను. తాను చెప్పబోవుచున్నానని అతనికి తెలుపవలెను. ఆ పిమ్మటనే ఆమెతో ముఖాముఖిగా, తగు సలహాతో చెప్పవలెను. రోగి స్త్రీయై, విషయము తెలిసినచో ఆమెను కొట్టుదురనియో ఇల్లు వెడలగొట్టుదురనియో భయమున్నచో, వైద్యుడు చెప్పరాదు. ఈ నిబంధనము అనేకుల ప్రాణములను కాపాడగలదు.

ఇక భర్త చేతికే భార్య మందును కూడ ఇచ్చి పంపుట యొకటి కలదు. అమెరికాలో 2006లో వ్యాధి నివారణ కేంద్రము కొన్ని వ్యాధులకు దీనిని అంగీకరించెను. కాని చూడని రోగికి మందిచ్చుట సామాన్య విషయము కాదు. ఆమె గర్భిణియైనచో డాక్సీసైక్లిన్ తగదు. కొందఱకు పెనిసిలిన్ పడదు. ఏ మందు ఏల మ్రింగుచున్నదో ఆమె ఎఱుగకున్నచో, అది చికిత్స కాదు, మోసము. సాధ్యమైనంతవరకు ఆమెను రప్పించి పరీక్షించుటయే మేలు.

రోగులకొక మాట. అపాయకర వ్యాధిని అజాగ్రత్తచే ఇతరులకు అంటించుట భారతీయ న్యాయ సంహిత 271వ సెక్షను ననుసరించి నేరము. అయినను శిక్షాభయముకంటె ప్రేమ గొప్పది. సిగ్గు ఒకనాటిది, దాచుటవలన కలుగు కీడు బిడ్డలదాక ప్రాకును. వైద్యుని యెదుట దంపతులిరువురును కలిసి కూర్చుండుడు. అప్పుడు చట్టముతో పనియే యుండదు.